పుస్తకం ముప్పయ్యో పేజీ దాటడం లేదు

ప్రశ్న: నా వయసు 39. మాది చీరాల. చిన్నప్పుడు వేసవి సెలవులొస్తే తాతయ్య నన్ను సైకిల్ మీద వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లేవారు. ఆయన పేపర్లన్నీ చదవడం అయ్యేదాకా నేను పిల్లల పుస్తకాలు, కాస్త పెద్దయ్యాక నవలలు చదువుతూ కూర్చునేదాన్ని. పెళ్లయ్యేవరకు వారానికి రెండు నవలలు అవలీలగా అయిపోయేవి. ఈ జనవరిలో విజయవాడ పుస్తకాల పండుగకి వెళ్లి ముచ్చటపడి తొమ్మిది పుస్తకాలు కొన్నాను. ఒక్కటీ ముప్పయ్యో పేజీ దాటలేదు. రాత్రి పనులన్నీ అయ్యాక మంచమెక్కి పుస్తకం తెరుస్తాను, ఒక పేజీ అవగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోతుంది, ఒక్క నిమిషం అనుకుని రీల్స్ తెరిస్తే గంట గడిచిపోతుంది. ఒకే పేరా మూడుసార్లు చదివినా బుర్రకెక్కదు. పాపను ట్యూషన్ దగ్గర దింపి గంటసేపు బయట స్కూటీ మీద కూర్చుంటాను, అప్పుడూ ఫోనే. "చదవనప్పుడు కొనడం ఎందుకు" అని మావారు అంటే కళ్లనీళ్లు తిరిగాయి. నా బుర్రకేమైనా అయిందా? డాక్టరుకు చూపించుకోవాలా? పుస్తకాలు కూడా ఫోన్‌లోనే చదివితే అలవాటవుతుందా?
– ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: అమ్మా, ముందు భయం సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులా అనిపించడం లేదు. నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఇంట్లో రోజూ చేసే పనులే మర్చిపోవడం లాంటివి కూడా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అవేవీ లేకపోయినా మీరు తప్పకుండా వెళ్లాల్సిన డాక్టరు ఒకరున్నారు, కళ్ల డాక్టరు. మీకు 39 అన్నారు, చత్వారం మొదలయ్యే వయసు ఇంచుమించు ఇదే. చత్వారం ఒక్కరోజులో రాదు. అక్షరాలు కాసేపు బాగానే కనిపిస్తాయి, తర్వాత కళ్లు లాగుతాయి, నుదురు బరువెక్కుతుంది, వరుస తప్పి చదివిన లైనే మళ్లీ చదువుతాం, అదంతా మనసు నిలవకపోవడం అనుకుంటాం. ఫోన్‌లో అక్షరాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటాం, రీల్స్‌కి అసలు అక్షరాలే అక్కర్లేదు, అచ్చు పుస్తకానికి ఆ సదుపాయం లేదు. నాకు 42వ ఏట ఇదే జరిగింది. ఏడాదిపాటు పుస్తకాల మీద మనసు పోయిందనుకుని లోపల్లోపల కుమిలిపోయాను. ప్లస్ వన్ అద్దాలు పెట్టుకున్న రోజున సగం బాధ తీరింది.

మిగతా సగం మాత్రం ఫోనే.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి చదివింది స్కూటీ మీద కూర్చునే ఆ గంట గురించి రాసిన ముక్క. వేటపాలెం వెళ్లిన రోజుల్లో మీరు అంతలా ఎందుకు చదివారో ఒకసారి గుర్తుచేసుకోండి. పుస్తకాలంటే ఇష్టం, నిజమే. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, 1929లో గాంధీజీ వచ్చి శంకుస్థాపన చేసిన చోటు, ఆ వాతావరణం కూడా ఉంది. కానీ వాటితోపాటు ఇంకోటి ఉంది, తాతయ్య పేపర్లు అయ్యేదాకా మీకు వేరే దిక్కు లేదు. ఒక్కరే ఇంటికి వెళ్లలేరు, గట్టిగా మాట్లాడకూడదు, బయట ఎండ. ఊసుపోని ఆ గంటే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని పుస్తకంలోకి తీసుకెళ్లింది. మన తరాలవాళ్లం చదివిందంతా దాదాపు అలాంటి గంటల్లోనే, బస్టాండులో, ప్యాసింజరు రైల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం అరుగు మీద, చుట్టాలింట్లో ఏమీ తోచక వాళ్ల అలమారులో దొరికిన పాత వారపత్రికలతో. మరమరాల పొట్లం ఖాళీ అయ్యాక ఆ కాగితం కూడా విప్పి చదివేవాళ్లం.

ఈ సంగతి గ్రంథాలయోద్యమం నడిపిన పెద్దలకు బాగా తెలుసనిపిస్తుంది నాకు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే పడవల్లో గ్రంథాలయం నడిపారు. పడవెక్కినవాడు గంటల తరబడి కూర్చోవాల్సిందే, మధ్యలో దిగిపోలేడు, చేసుకోవడానికి పని లేదు. జనం ఖాళీగా ఎక్కడ కూర్చున్నారో చూసి పుస్తకాన్ని అక్కడికి తీసుకెళ్లారు. ఎంత మంచి ఆలోచన! ఇంట్లో పనితో సతమతమయ్యేవాడిని గ్రంథాలయానికి రమ్మని బతిమాలడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

ఇప్పుడు ఆ ఖాళీ గంటలు మన దగ్గర లేవు. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా ఒక జీబీని నెలంతా పొదుపుగా వాడుకున్నవాళ్లం, ఆ తర్వాత రోజుకో జీబీ అయింది. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించారు, జులైలో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి, అదీ కరోనా వల్ల అందరం ఇళ్లల్లో కూర్చున్న ఏడాది. బ్యాంకులో క్యూ, ఆటో కోసం నిలబడే పది నిమిషాలు, చివరికి పాలు పొంగేలోపు ఉండే రెండు నిమిషాలు కూడా నిండిపోయాయి. మీకు పుస్తకం మీద ఇష్టం చావలేదు, లేకపోతే తొమ్మిది పుస్తకాలు మోసుకొచ్చేవారు కాదు. అవి చదువుకునే గంటలు పోయాయి, అంతే. పోయినవాటిలో మీకు మిగిలింది మంచమెక్కాక వచ్చే గంట ఒక్కటే, అది రోజంతా చాకిరీ చేసి అలిసిపోయిన శరీరానిది. ఆ గంటలో నేను కూడా చదవలేను.

చెయ్యి దానంతటదే పోతుందని రాశారు, సరిగ్గా అలాగే జరుగుతుంది. పూర్వం వారపత్రికలో సీరియల్ చదువుతుంటే చివర్లో "సశేషం" అని ఉండేది, పేపరుకు ఆఖరి పేజీ ఉండేది, అక్కడ మనిషి తలెత్తి చుట్టూ చూసేవాడు. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ కిందికి జరుపుతున్నకొద్దీ ఆగకుండా కొత్తది వస్తూనే ఉండే పద్ధతి తయారుచేశాడు, తర్వాత అలా చేసినందుకు బాధపడుతున్నానని అందరి ముందూ చెప్పుకున్నాడు. రీల్స్‌లో సశేషం ఉండదు. పైగా ఏది బాగుంటుందో ముందు తెలియదు. ఓడరేవు వైపు వెళ్లినప్పుడు గాలం వేసి కూర్చున్నవాళ్లను చూసే ఉంటారు, వేసిన ప్రతిసారీ చేప పడితే బుట్ట నిండగానే లేచి ఇంటికి పోతారు, పడుతుందో లేదో తెలియకపోవడమే మనిషిని పొద్దుగూకేదాకా కూర్చోబెడుతుంది. మీ వేలు కూడా అదే పని చేస్తోంది. ఇందులో మీ గుణానికి వచ్చిన లోటేమీ లేదు, ఇంతమంది ఇంజినీర్లు కూర్చుని మీ వేలు ఆగకూడదని చేసిన ఏర్పాటు అది, ఒక్కరే మనోబలంతో దాన్ని గెలవాలనుకోకండి.

ఇక ఒకే పేరా మూడుసార్లు చదవడం. మీ ఊళ్లో మగ్గాలు చూసే పెరిగి ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, తెగిన రెండు కొసలూ వెతికి పట్టుకుని, ముడేసి, అప్పుడు మళ్లీ నేత మొదలుపెడతాడు. తెగడానికి క్షణం చాలు, అతకడానికి అంతకు ఎన్నో రెట్లు టైము. పుస్తకం మధ్యలో ఫోన్ చూసేది ఒక్క నిమిషమే కావచ్చు, తిరిగొచ్చాక కూడా ఆ చూసినదాని తాలూకు ముక్క మనసులో తిరుగుతూనే ఉంటుంది, కళ్లు పేజీ మీద ఉంటాయి, బుర్ర అక్కడ ఉండదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీదే పరిశోధన రాశారు. గ్లోరియా మార్క్ అని కాలిఫోర్నియాలో ఇంకొకావిడ ఏళ్ల తరబడి కొలిచి చూస్తే, 2004లో కంప్యూటర్ తెర మీద ఒకచోట సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన ధ్యాస ఇటీవలి ఏళ్లలో 47 సెకన్లకు వచ్చింది. ఆమె గమనించినవాటిలో మనకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. పని మధ్యలో ధ్యాస తెగిపోయేవాటిలో దాదాపు సగం ఎవరూ పిలవకుండా, ఏ మోతా మోగకుండా, మనంతట మనం తెంపుకునేవే. అందుకే నోటిఫికేషన్లు ఆపేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. ఆపండి, మంచిదే. ఫోన్ చేతికందే దూరంలో ఉన్నంతవరకు అది చాలదు.

నేను చేసింది చెబుతాను. అద్దాలు వచ్చాక కూడా నాలుగు పేజీలకి మించి కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. ఒకరోజు ఫోన్ వంటింట్లో పప్పు డబ్బాల వెనక పెట్టి, పెన్సిల్ ఒకటి తీసుకుని కూర్చున్నాను. మనసు ఫోన్ మీదకి పోయిన ప్రతిసారీ పేజీ అంచున ఒక చిన్న చుక్క పెట్టాలి, లేవకూడదు, తిట్టుకోకూడదు, చుక్క పెట్టి చదువు సాగించాలి. అంతే నియమం. మొదటి రోజు ఆరు పేజీలకు పదిహేడు చుక్కలు వచ్చాయి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, మొదటి పేజీల అంచులు చీమలు బారు కట్టినట్టు ఉంటాయి. వారం తర్వాత ఆ అంచులు తిరగేసి చూస్తే నాకు అర్థమైంది, ఏ రోజుదైనా సరే చుక్కలు మొదటి మూడు నాలుగు పేజీల్లోనే గుంపుగా ఉన్నాయి, ఆ తర్వాత పలచబడ్డాయి, కొన్ని పేజీలు మొత్తానికే ఖాళీ. అంటే కష్టమంతా మొదటి పది పదిహేను నిమిషాల్లోనే. అది దాటితే కథలో మనుషులు కదలడం మొదలవుతుంది, తర్వాతేమైందోనన్న ఆత్రం వస్తుంది, టైము తెలియదు. మీరు మొదటి పేజీ దగ్గరే ఫోన్ తీస్తున్నారు. తొమ్మిది పుస్తకాలతోనూ ప్రతి రాత్రీ ఆ కష్టమైన భాగం మాత్రమే చదివి మూసేస్తున్నారు, బాగుండే చోటు దాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు. విసుగు పుట్టక ఏం చేస్తుంది?

కాబట్టి రాత్రి చదవడం ప్రస్తుతానికి మానేయండి. ట్యూషన్ గంటతో మొదలుపెట్టండి. పాపను దింపగానే స్కూటీ డిక్కీ తెరిచి పుస్తకం బయటికి తీయండి, ఫోన్ డిక్కీలో పెట్టి తాళం వేయండి. ఇంట్లోంచి అర్జంటు కాల్ వస్తుందేమోనన్న టెన్షన్ ఉంటే రింగు గట్టిగా పెట్టుకోండి, వినిపిస్తుంది, వాట్సాప్ గ్రూపుల మోత మాత్రం ఆపేయండి. స్కూటీ మీదే ఎందుకు, పక్కన ఏ మెట్లో, గుడి అరుగో, టీ కొట్టు దగ్గర బల్లో ఉంటే అక్కడ కూర్చోండి, రోజూ అదే చోటైతే ఇంకా మంచిది, పది రోజులయ్యేసరికి ఆ చోటుకి చేరగానే పుస్తకం గుర్తొస్తుంది. మొదటి పదిహేను నిమిషాలు పెన్సిల్ పట్టుకుని ఓర్చుకోండి. అప్పటికీ మనసు కుదరకపోతే పుస్తకం మూసి ఊరికే కూర్చోండి, రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లను చూడండి, ఫోన్ మాత్రం తీయకండి. ఊరికే కూర్చోవడం కూడా మర్చిపోయాం మనం. అది తిరిగొస్తే చదువు దాని వెనకే వస్తుంది, నా అనుభవంలో అలాగే జరిగింది.

ఏ పుస్తకం? ఆ తొమ్మిదింటిలో "ఇది చదవాలి" అని మొహమాటానికి కొన్నవి కొన్ని ఉండే ఉంటాయి, అవి పక్కన పెట్టండి, పాపం ఏమీ లేదు. కథల సంపుటి ఏదైనా ఉంటే అది తీయండి, ఒక కథ ఒక గంటలో అయిపోతుంది, ఏదో ఒకటి పూర్తి చేశానన్న సంతోషం ఇప్పుడు మీకు చాలా అవసరం. లేదా ఇరవై ఏళ్ల కింద చదివి ఇష్టపడ్డ నవలే మళ్లీ చదవండి. ఒక పుస్తకం యాభై పేజీలు చదివాక కూడా నచ్చకపోతే వదిలేయండి. మొదటి పదిహేను నిమిషాల్లో మాత్రం ఏ పుస్తకం మీదా తీర్పు ఇవ్వకండి, అప్పుడు అన్నీ బోరుగానే ఉంటాయి.

ఎవరూ అంతగా పట్టించుకోని విషయం ఇంకొకటి చెప్పాలి. రోజంతా వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తున్నాం, చదువుతున్నాం. బిల్లులు, బ్యాంకు మెసేజులు, పాప స్కూలు డైరీ అన్నీ ఇంగ్లిషే. తెలుగు లిపిలో వరుసగా పది పేజీలు చదివి మీకు ఎన్నేళ్లయి ఉంటుందో లెక్క చూడండి. మాటలు పసిపిల్లకి వింటూ ఉంటేనే వచ్చేస్తాయి, చదవడం అలా కాదు, మనుషులు రాత కనిపెట్టి అయిదు వేల ఏళ్లు దాటింది, ఇప్పటికీ ప్రతి పిల్లా అఆల దగ్గర్నుంచి కూర్చుని నేర్చుకోవాల్సిందే. అలా నేర్చుకున్నది వాడకపోతే నెమ్మదిస్తుంది. సంయుక్తాక్షరాల దగ్గర, పొడుగాటి సమాసాల దగ్గర కన్ను తడబడుతుంది, ఆ తడబాటు అలసటలా అనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు పైకి చదవడం. రోజూ రెండు పేజీలు, గొంతెత్తి, పాప పక్కన ఉంటే పాపకి వినిపించేలా. పైకి చదివేటప్పుడు కన్ను లైన్లు దాటేయలేదు, నోరు కదులుతుంటే చెయ్యి ఫోన్ వైపు పోవడం కూడా తక్కువే. మా ఇంట్లో కళ్లు కనిపించని అత్తగారికి రోజూ పేపరు చదివి వినిపించిన ఆర్నెల్లలో నా చదువు ఎంత సాఫీ అయిందో నాకే ఆశ్చర్యం. ఆవిడ మధ్యలో ఆపి, "ఆ పేరు మళ్లీ చెప్పమ్మా" అనేవారు. నేను ధ్యాస లేకుండా చదివిన చోటే సరిగ్గా ఆవిడకూ అర్థమయ్యేది కాదు.

ఫోన్‌లో పుస్తకాలు చదవచ్చా అన్నారు. ఇప్పుడప్పుడే వద్దు. 2000 నుంచి 2017 మధ్య జరిగిన 54 అధ్యయనాలను, మొత్తం లక్షా డెబ్బై వేల మందికి పైగా పాల్గొన్నవాటిని, కలిపి చూసి 2018లో ఒక విశ్లేషణ వెలువడింది. తెర మీద చదివినప్పటి కంటే కాగితం మీద చదివినప్పుడే బాగా అర్థమవుతోందని తేలింది, ముఖ్యంగా సమాచారం ఉన్నవాటిలో, టైము పెట్టి చదివించినప్పుడు. కథల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి తెరను శత్రువుగా చూడాల్సిన పని లేదు, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి తెలుగు పుస్తకం అచ్చులో దొరకనివాళ్లకు అదే దిక్కు. మీ కష్టం వేరు. కథ చదివే తెర, రీల్స్ చూపించే తెర ఒకటే కావడం. చదువు తప్ప వేరే ఏదీ చేయలేని ఈ-రీడర్ ఉంటే వాడుకోండి. ఆడియో పుస్తకాలు కూర తరిగేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు బాగుంటాయి, హాయిగా వినండి, కాకపోతే వాటితో చదివే అలవాటు తిరిగి రాదు.

మీవారి మాటకు బాధపడ్డారు. ఆయన అన్నది ఖర్చు గురించే కావచ్చు, మీకు మాత్రం అది లోపల ఎక్కడో తగిలింది, ఎందుకంటే ఆ మాట మీరు అప్పటికే మీతో అనుకుంటున్నారు. చదవని పుస్తకం ఇంట్లో ఉండడం తప్పేమీ కాదమ్మా, చదివేవాళ్లందరి ఇళ్లలోనూ ఉంటాయి. అయినా మూడు పూర్తయ్యేదాకా కొత్తవి కొనకండి. ఆయనతో వాదన పెట్టుకోకుండా ఒక సాయం అడగండి, రాత్రి తొమ్మిది తర్వాత ఇద్దరి ఫోన్లూ హాల్లో చార్జింగు పెడదామని. పడకగదిలోకి ఫోన్ రాకుండా ఉండాలంటే పొద్దున లేవడానికి మామూలు అలారం గడియారం ఒకటి కొనుక్కోవాలి, లేదంటే అలారం కోసమని ఫోన్ మళ్లీ తలగడ కిందికి వస్తుంది. పాపను చదవమని చెప్పడం కొన్నాళ్లు ఆపేయండి. మీరు ట్యూషన్ బయట మెట్ల మీద పుస్తకంతో కూర్చుని ఉండగా అది బయటికి వచ్చి, "ఏం చదువుతున్నావమ్మా" అని తనంతట తనే అడుగుతుంది, అప్పుడు ఆ కథ చెప్పండి, సగంలో ఆపేయండి.

కళ్ల పరీక్ష ఈ శనివారమే చేయించుకోండి, వాయిదా వేయకండి. అద్దాలు తయారై వచ్చేదాకా ఆ తొమ్మిదింటిలో పెద్ద అక్షరాలున్నదేదో చూసి దాన్ని డిక్కీలో వేసుకోండి, పెన్సిల్ చెక్కి పుస్తకం లోపలే పెట్టుకోండి. మొదటి రోజు ఎన్ని చుక్కలు వచ్చాయో, పదో రోజు ఎన్ని వచ్చాయో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.